హైదరాబాద్ నుంచి డాలస్: దూరమెంత, గంటలెన్ని? టికెట్ కొనే ముందే లెక్క కట్టుకోండిలా

శంషాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని నెట్‌లో వెతికితే ఒకచోట 14,400 కి.మీ. అని, ఇంకోచోట 15,500 అని ఉంటుంది. ప్రయాణం 17 గంటలని ఒకరు, 22 గంటలని మరొకరు రాస్తారు. టికెట్ చూస్తే రాత్రి ఎక్కి పొద్దున్న దిగుతున్నట్టే కనబడుతుంది. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో సంగతి చెబుతుంది. సూటి దూరం, విమానం నిజంగా తిరిగే దూరం, గాల్లో ఉండే గంటలు, ఇంటి గడప నుంచి అక్కడి గడప దాకా పట్టే గంటలు, ఇవి నాలుగూ వేర్వేరు లెక్కలు. వరసగా కట్టుకుంటూ పోతే ఏ టికెట్ మంచిదో అర్థమవుతుంది. ఇక్కడ డాలస్‌ను ఉదాహరణగా తీసుకున్నాం కానీ, పద్ధతి మెల్‌బోర్న్‌కైనా టొరంటోకైనా ఇదే.

1. ముందు విమానాశ్రయం తేల్చుకోండి, ఊరు కాదు

డాలస్‌లో విమానాశ్రయాలు రెండు. అంతర్జాతీయ సర్వీసులు దిగేది డాలస్ ఫోర్ట్‌వర్త్, కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. ఊళ్లోకి దగ్గరగా లవ్‌ఫీల్డ్ అని ఇంకొకటి ఉంది, దాని కోడ్ డీఏఎల్. అది దేశీయ విమానాలది. దూరం చూపే సైట్లలో ఊరి పేరు కొడితే కొన్ని ఊరి నడిబొడ్డును లెక్కలోకి తీసుకుంటాయి, అందుకే మూడక్షరాల కోడ్‌తోనే వెతకండి. మన వైపు శంషాబాద్‌కు హెచ్‌వైడీ, గన్నవరానికి వీజీఏ, విశాఖకు వీటీజెడ్, తిరుపతికి టీఐఆర్.

తర్వాత రెండింటి అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి.

శంషాబాద్: ఉత్తరం 17.24, తూర్పు 78.43
డీఎఫ్‌డబ్ల్యూ: ఉత్తరం 32.90, పశ్చిమం 97.04

2. సూటి దూరం

గోళం మీద రెండు చోట్లకు మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. ఫోన్‌లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరిచి, డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకుని, ఇలా చేయండి.

రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.2964 × 0.5432 = 0.1610
రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించండి: 0.9551 × 0.8396 = 0.8019
రేఖాంశాల తేడా తీయండి. ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం కాబట్టి కలపాలి: 78.43 + 97.04 = 175.47 డిగ్రీలు. దీని కొసైన్ −0.9969
రెండో మెట్టు ఫలితాన్ని దీనితో గుణించండి: 0.8019 × −0.9969 = −0.7994
మొదటి మెట్టు ఫలితం కలపండి: 0.1610 − 0.7994 = −0.6384
దీనికి కొసైన్ ఇన్వర్స్ నొక్కండి: 129.67 డిగ్రీలు
డిగ్రీకి 111.195 కి.మీ. చొప్పున గుణిస్తే: సుమారు 14,420 కి.మీ.

భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. అందుకని ఈ లెక్కలో అర శాతం లోపు తేడా రావచ్చు. టికెట్ ఎంచుకోవడానికి అది అడ్డు కాదు.

తప్పులు జరిగేది రెండు చోట్ల. కలపాల్సిన రేఖాంశాలను తీసేస్తే 18.61 డిగ్రీలే వచ్చి, దూరం 2,550 కి.మీ. అని తేలుతుంది. అది డాలస్ దూరం కాదు, ఇంచుమించు దుబాయ్ దూరం! అంకె చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది కాబట్టి ఈ తప్పు తొందరగా దొరకదు. రెండోది స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లకు ఎదురయ్యేది. అందులో సైన్, కొసైన్ ఫార్ములాలు రేడియన్లలో పనిచేస్తాయి. డిగ్రీలను ముందుగా రేడియన్లలోకి మార్చకపోతే వచ్చేదంతా చెత్త. ఏ రెండు చోట్లకు లెక్క కట్టినా జవాబు 20,015 కి.మీ. దాటకూడదు, అది భూమి చుట్టుకొలతలో సగం.

గోడ మీది మ్యాపు చూస్తే హైదరాబాద్ నుంచి డాలస్‌కు పడమరగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా వెళ్లాలనిపిస్తుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దాని మీద ఈ రెండు చోట్ల మధ్య దారం బిగించి పట్టుకోండి. దారం పడమరకు పోదు. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కనుంచి హిమాలయాలు దాటి, కజకిస్తాన్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 500 కి.మీ. దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగి టెక్సస్ చేరుతుంది. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉండటమే కారణం.

3. విమానం ఆ దారిన పోదు: మజిలీతో కలిపి లెక్క కట్టండి

14,420 కి.మీ. ఆగకుండా ఎగరగల విమానాలు లేకపోలేదు. సింగపూర్–న్యూయార్క్ సర్వీసు 15,300 కి.మీ. పైనే. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు బోయింగ్ 777–200ఎల్‌ఆర్‌తో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, దూరం సుమారు 13,280 కి.మీ. ఆ సర్వీసు కొనసాగలేదు. కాబట్టి డాలస్‌కు ఎక్కడో ఒకచోట మారాల్సిందే. ఇందాకటి పద్ధతిలోనే రెండు ముక్కలనూ విడివిడిగా కట్టి కలపండి.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,115 + 8,260 = 15,375 కి.మీ.
లండన్ మీదుగా: 7,755 + 7,630 = 15,385 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,545 + 12,920 = 15,465 కి.మీ.
దోహా మీదుగా: 2,915 + 12,745 = 15,660 కి.మీ.

మొదటి మూడింటికీ తేడా వంద కి.మీ. లోపే, అంటే విమానానికి ఏడు నిమిషాల పని. దోహాకు మరో 200 కలుస్తాయి, పావుగంట లోపు. ఎక్కడ మారినా సూటి దారి కంటే వెయ్యి కి.మీ. చుట్టు తప్పదు. ‘ఈ రూటు దగ్గర, ఆ రూటు దూరం’ అని ఎవరైనా చెబితే ఈ అంకెలు చూపించండి. డాలస్ విషయంలో రూటును తేల్చేది దూరం కాదు, మధ్యలో ఎంతసేపు కూర్చోవాలన్నది, ప్రయాణం ఎలా రెండు ముక్కలవుతుందన్నది.

ముక్కల సంగతి తేలిగ్గా తీసుకోకండి. దుబాయ్, దోహాల మీదుగా అయితే మొదట నాలుగు గంటలు, తర్వాత ఒకే బిగువున పదహారు. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్‌ల మీదుగా అయితే తొమ్మిది, పదకొండు, అటూ ఇటూగా సమానం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, మధుమేహంతో కాళ్లు వాచేవాళ్లకు సగంలో లేచి నడిచే వీలుండటమే మేలని మా అభిప్రాయం. చంటిపిల్లలున్నవాళ్లకు మాత్రం పొడవాటి ముక్కలో పిల్లలు ఒక రాత్రంతా పడుకుంటారు కాబట్టి గల్ఫ్ దారే సుఖం. ఐరోపా దారిలో ట్రాన్సిట్ వీసా అవసరమో కాదో మీ పాస్‌పోర్టు, మీ అమెరికా వీసా రకాన్ని బట్టి ఆ దేశపు అధికారిక సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

4. కి.మీ. నుంచి గంటలకు

పెద్ద జెట్ విమానాలు 35,000 అడుగుల పైన ధ్వని వేగంలో 85 శాతం దగ్గర, అంటే గంటకు సుమారు 900 కి.మీ. వేగంతో పోతాయి. ఎక్కడం, దిగడం, నేల మీద రన్‌వే దాకా మెల్లగా పోవడం కూడా ఉంటాయి కాబట్టి చేతిలెక్కకు ఇది చాలు: దూరాన్ని 870తో భాగించి, 40 నిమిషాలు కలపండి.

హైదరాబాద్–దుబాయ్: 2,545 ÷ 870 = 2.93 గంటలు, 40 నిమిషాలు కలిపితే 3 గంటల 35 నిమిషాలు.
దుబాయ్–డాలస్: 12,920 ÷ 870 = 14.85 గంటలు, కలిపితే 15 గంటల 30 నిమిషాలు.

టైంటేబుల్‌లో మాత్రం మొదటిది 3:50 దగ్గర, రెండోది 16 గంటలు దాటి ఉంటుంది. తేడాకు కారణాలు రెండు.

ఒకటి గాలి. ఆ ఎత్తులో జెట్‌స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో గంటకు 200 కి.మీ. దాటడమూ మామూలే. దారంతా సగటున 40 కి.మీ. ఎదురుగాలి తగిలితే విమానం నేల మీద కదిలే వేగం 860కి పడిపోయి, 12,920 కి.మీ.కు 15 గంటలు పడుతుంది. అదే గాలి వెనకనుంచి తోస్తే 940 వేగంతో 13 గంటల 45 నిమిషాల్లో అయిపోతుంది. పోనూ రానూ ఒకే దారిలో గంటంబావు తేడా అక్కడే వచ్చేసింది. అందుకే అమెరికా నుంచి వచ్చేటప్పుడు ప్రయాణం తక్కువగా ఉంటుంది. టైంటేబుల్ కంటే ముందే దిగే విమానాలూ తిరుగుదారిలోనే ఎక్కువ కనిపిస్తాయి.

గాలి కోసం చుట్టు తిరగడం కూడా లాభమే. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మార్చింది. దారి సుమారు 15,300 కి.మీ.కు పెరిగినా తూర్పుగా పోతూ వెనకగాలి దొరకడంతో ప్రయాణం 14.5 గంటలకు తగ్గింది. దూరం చూసి సమయం చెప్పేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

రెండోది గగనతలం. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థల విమానాలు రష్యా మీదుగా పోలేవు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసేశాక ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని ఎయిరిండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగాల్సి వచ్చింది. నాన్‌స్టాప్ అని కొన్న టికెట్ మధ్యలో ఆగిందంటే కారణం ఇలాంటిదే. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగా పోతాయి కాబట్టి వాటికి పాకిస్తాన్ బెడద లేదు. గల్ఫ్‌లో ఉద్రిక్తత రేగితే మాత్రం మొదట దెబ్బ తగిలేది వాటికే.

ఇవన్నీ మీరు కట్టనక్కర్లేదు. సూటి దూరానికి 5 శాతం కలిపి 870తో భాగించి, ఎప్పట్లాగే 40 నిమిషాలు కలుపుకోండి. దుబాయ్–డాలస్‌కు అలా చేస్తే 16 గంటల 15 నిమిషాలు వస్తాయి. అసలు సంగతి కావాలంటే ఫ్లైట్‌రాడార్24 లేదా ఫ్లైట్‌అవేర్‌లో ఆ విమానం నంబరు కొట్టి, గత వారం రోజులూ ఎప్పుడు లేచి ఎప్పుడు దిగిందో చూడండి. టికెట్ మీది సమయంలో సంస్థలు కాస్త ఎక్కువే వేసుకుంటాయి, ఆలస్యమైనా ‘సమయానికే వచ్చాం’ అనిపించుకోవడానికి.

5. టికెట్ మీది గంటలను యూటీసీలోకి మార్చండి

టికెట్ మీద ఉండే ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే. దీన్ని మర్చిపోతే మిగతా లెక్కంతా వృథా. యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ఒకే గడియారం. మన సమయం నుంచి 5:30 తీసేయాలి, దుబాయ్ నుంచి 4:00, దోహా నుంచి 3:00. డాలస్ సమయానికి చలికాలంలో 6:00, వేసవిలో 5:00 కలపాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వేసవి సమయం నడుస్తుంది. అంటే మనకూ డాలస్‌కూ తేడా వేసవిలో 10:30, చలికాలంలో 11:30.

జూన్‌లో ఒక టికెట్ ఇలా ఉందనుకుందాం.

హైదరాబాద్ నుంచి రాత్రి 9:50: యూటీసీ 16:20
దుబాయ్‌లో అర్ధరాత్రి దాటి 12:10: యూటీసీ 20:10
దుబాయ్ నుంచి తెల్లవారుజాము 2:40: యూటీసీ 22:40
డాలస్‌లో ఉదయం 9:55: మర్నాడు యూటీసీ 14:55

ఇప్పుడు ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మొదటి విమానం 3:50, దుబాయ్‌లో 2:30, రెండో విమానం 16:15. మొత్తం 22 గంటల 35 నిమిషాలు. సరిచూసుకోవడానికి చిన్న కిటుకు ఉంది. రాత్రి 9:50 నుంచి ఉదయం 9:55 దాకా గడియారంలో 12:05 కదా, దానికి రెండు ఊళ్ల తేడా 10:30 కలపండి. అదే 22:35 రావాలి. రాకపోతే ఎక్కడో తేదీ తప్పిందన్నమాట.

తిరుగు ప్రయాణానికి కలపకూడదు, తీసేయాలి. సోమవారం మధ్యాహ్నం 12:00కు డాలస్‌లో ఎక్కి, దుబాయ్‌లో నాలుగు గంటలు ఆగి, మంగళవారం రాత్రి 8:40కి శంషాబాద్‌లో దిగితే గడియారంలో 32:40. అందులోంచి 10:30 తీస్తే అసలు ప్రయాణం 22:10.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు కావలసింది కూడా ఈ అసలు గంటల లెక్కే. గోడ గడియారం చూసి వేసుకుంటే ఒక మోతాదు పోవడమో రెండుసార్లు పడటమో జరుగుతుంది. యూటీసీ వేసిన కాగితం డాక్టరుకు చూపించి, ఏ గంటకు ఏది వేయాలో రాయించుకోండి. మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు తేదీది. శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున లేస్తాయి. టికెట్ మీద ‘14వ తేదీ, 2:30’ అని ఉంటే మీరు ఇంట్లోంచి బయలుదేరాల్సింది 13వ తేదీ సాయంత్రం. 14 రాత్రి తీరిగ్గా విమానాశ్రయానికి వచ్చి, విమానం ఉదయమే పోయిందని తెలుసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్యాలెండర్‌లో విమానం లేచే సమయం కాదు, ఇంట్లోంచి కారెక్కే సమయం రాసుకోండి.

6. మధ్యలో ఎంత ఆగాలి

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఇంకో విమానంలో చేర్చే బాధ్యత సంస్థది. సామాను కూడా మామూలుగా చివరి ఊరిదాకా ట్యాగ్ చేస్తారు. విడివిడిగా కొంటే ఆ హామీ లేదు, టికెట్ డబ్బు పోయినట్టే. నాలుగు వేలు మిగులుతాయని విడి టికెట్లు కొనేవాళ్లు మధ్యలో కనీసం ఆరు గంటలు ఉంచుకోండి. ఢిల్లీలో అయితే ఇంకా జాగ్రత్త. దేశీయ విమానం మొదటి టెర్మినల్‌లో దిగి, అంతర్జాతీయం మూడో టెర్మినల్‌లో ఎక్కాల్సి వస్తే రోడ్డు మీద బస్సులోనో కారులోనో వెళ్లాలి, మళ్లీ చెక్‌–ఇన్ చేయాలి.

ఒకే టికెట్ మీద గల్ఫ్‌లో మారడానికి రెండు నుంచి మూడున్నర గంటలు సరిపడా సమయం. గంటన్నర కనెక్షన్ కూడా అమ్ముతారు. కుర్రాళ్లు పరుగెత్తి అందుకోగలరు. వీల్‌చైర్ తీసుకునే పెద్దవాళ్లకు మాత్రం అది చాలదు, ఎందుకంటే వాళ్లను అందరూ దిగాకే దింపుతారు.

డాలస్‌లో దిగి ఆస్టిన్‌కో శాన్ఆంటోనియోకో ఇంకో విమానం ఎక్కాలంటే ఇంకా ఎక్కువ కావాలి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, తర్వాత సామాను తీసుకుని కస్టమ్స్ దాటడం, మళ్లీ సామాను అప్పగించడం, మళ్లీ సెక్యూరిటీ. మూడు గంటలకు తక్కువ ఉంచకండి. అబూధాబి మీదుగా వెళ్తే ఈ పద్ధతి తిరగబడుతుంది. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ ఉంది. అక్కడే ముద్ర పడిపోతుంది, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా నడుచుకుంటూ బయటికి రావచ్చు. అందుకు ప్రతిగా ఆ గంటలను అబూధాబిలో కేటాయించాలి.

7. గడప నుంచి గడపకు

విజయవాడలో ఒక కుటుంబం అనుకోండి. శంషాబాద్‌కు కారులో 5:30, దారిలో టీ, టిఫిన్ కలుపుకొని. విమానం కంటే ముందు విమానాశ్రయంలో 3:30. చాలా సంస్థలు కౌంటర్ గంట ముందే మూసేస్తాయి, కాబట్టి ఇందులో కోత పెట్టకండి. ప్రయాణం 22:35. డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను 1:30. అక్కడి నుంచి ఫ్రిస్కోలోని ఇంటికి 45 నిమిషాలు. మొత్తం 33 గంటల 50 నిమిషాలు. టికెట్ సైట్ చూపిన 22 గంటలకు ఇది ఒకటిన్నర రెట్లు.

సంక్రాంతి ముగిసి జనం హైదరాబాద్ తిరిగొచ్చే రోజుల్లో అయితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే గంటలు పోతాయి. ఆ వారం విమానముంటే ముందురోజే వచ్చి శంషాబాద్ దగ్గర బస చేయడం మంచిది. గన్నవరం నుంచి విమానంలో రావాలనుకుంటే దాన్నీ ఒకే పీఎన్ఆర్‌లో కలిపి కొనండి, ఇందాకటి కారణమే.

చివరిగా ఒక తనిఖీ. జనవరిలో కొన్న టికెట్ మీద మార్చి నెలాఖరు ప్రయాణముంటే, ఈలోగా అమెరికా గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఐరోపా గడియారం మాత్రం మార్చి ఆఖరి ఆదివారానికే జరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న రెండు మూడు వారాల్లో లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ కనెక్షన్ల సమయాలు మారే వీలుంది. మార్చి అంతటా సంస్థల నుంచి వచ్చే ఈ–మెయిళ్లు చదవకుండా తీసేయకండి. సమయం మారిందని వస్తే యూటీసీ కాగితం మళ్లీ వేసి, మధ్యలో మిగిలే సమయం రెండు గంటలకు తగ్గితే వెంటనే ఫోన్ చేయండి. మార్పు సంస్థ వల్లే జరిగింది కాబట్టి చాలాసార్లు అదనపు డబ్బు లేకుండానే వేరే విమానానికి మారుస్తారు. ప్రయాణం రేపనగా అడిగితే సీట్లుండవు.